మూడవ రిచర్డ్

మూడవ రిచర్డ్ (అక్టోబర్ 2, 1452 - ఆగష్టు 22, 1485) 1483 నుండి 1485 వరకు ఇంగ్లాండును పరిపాలించిన రాజు. యార్క్ వంశపు రాజులలో చివరివాడు. యుద్ధభూమిలో మరణించిన చివరి ఇంగ్లాండు రాజు కూడా ఇతడే. 2012లో బయల్పడిన ఇతని అస్థిపంజరంపై జరిపిన స్థిర ఐసోటోపుల విశ్లేషణ వలన, చరిత్ర గ్రంథాలలో లేని కొన్ని జీవిత విశేషాలు తెలియవచ్చాయి.

బాల్యం, యౌవనం

రిచర్డ్ నార్తాంప్టన్‌షైర్‌లోని ఫోదరింగే కోటలో జన్మించాడు. తండ్రి యార్క్ డ్యూక్ రిచర్డ్, తల్లి సిసిలీ నెవిల్. సింహాసనం కొరకు యార్క్, లాంకాస్టర్ వంశాల మధ్య జరిగిన గులాబీల యుద్ధాలలో 1460లో తండ్రి మరణించాడు. మరుసటి సంవత్సరం అన్న నాలుగవ ఎడ్వర్డ్ రాజై, ఇతనికి గ్లౌసెస్టర్ డ్యూక్ పదవి ఇచ్చాడు. 1471లో బార్నెట్, ట్యూక్స్‌బరీ యుద్ధాలలో రిచర్డ్ అన్న పక్షాన పోరాడాడు. తరువాత ఆన్ నెవిల్‌ను వివాహమాడాడు.

రాజ్యపాలన, మరణం

1483 ఏప్రిల్‌లో అన్న మరణించగా, అతని 12 సంవత్సరాల కుమారుడు ఐదవ ఎడ్వర్డ్ రాజయ్యాడు. రిచర్డ్ రాజ్య సంరక్షకుడయ్యాడు. కొద్ది వారాలలోనే అన్న వివాహం చెల్లదనీ, ఆ సంతానానికి వారసత్వం లేదనీ ప్రకటన వెలువడింది. జూలై 6న రిచర్డ్ పట్టాభిషిక్తుడయ్యాడు. లండన్ టవర్‌లో ఉంచబడిన అన్న కుమారులిద్దరూ ఆ తరువాత ఎవరికీ కనిపించలేదు. వారిని ఇతడే చంపించాడని పలువురు విశ్వసించినా, అది నేటికీ నిరూపితం కాలేదు.

1484లో ఏకైక ఔరస పుత్రుడు, 1485 మార్చిలో భార్య మరణించారు. అదే సంవత్సరం ఆగష్టు 22న బోస్వర్త్ యుద్ధంలో హెన్రీ ట్యూడర్ సేనతో పోరాడుతూ రిచర్డ్ 32 సంవత్సరాల వయసులో మరణించాడు. దేహాన్ని లెస్టర్‌లోని గ్రేఫ్రయర్స్ మఠంలో ఖననం చేసారు. కాలక్రమంలో మఠం కూల్చబడి సమాధి జాడ తెలియకుండా పోయింది.

అస్థిపంజరం

2012లో ఆ మఠం ఉండిన స్థలంలోని ఒక కారు పార్కింగ్ కింద జరిపిన తవ్వకాలలో అస్థిపంజరం లభించింది. పుర్రెపై ఆయుధాల గాయాలు, పక్కకు వంగిన వెన్నెముక కనిపించాయి. సోదరి సంతతివారి డీఎన్ఏతో పోల్చిన పిమ్మట అది రిచర్డ్‌దేనని 2013 ఫిబ్రవరి 4న లెస్టర్ విశ్వవిద్యాలయం ప్రకటించింది.

ఐసోటోపుల విశ్లేషణ

ఒకే మూలకానికి చెంది, బరువులో తేడా గల పరమాణువులను ఐసోటోపులు అంటారు. వీటిలో కాలక్రమంలో క్షీణించనివి స్థిర ఐసోటోపులు. తాగిన నీటిని బట్టి ఆక్సిజన్, నివసించిన ప్రాంతపు శిలలను బట్టి స్ట్రాన్షియం, తిన్న ఆహారాన్ని బట్టి కార్బన్, నత్రజని ఐసోటోపుల నిష్పత్తులు శరీరంలో నిలిచిపోతాయి. దంతాలపై పింగాణీ పొర బాల్యంలో ఏర్పడి తరువాత మారదు. ఎముకలు మాత్రం జీవితాంతం నెమ్మదిగా మారుతుంటాయి. పక్కటెముక చివరి కొద్ది సంవత్సరాలను, తొడ ఎముక అంతకంటే చాలా దీర్ఘకాలాన్ని సూచిస్తాయి.

బ్రిటిష్ జియలాజికల్ సర్వే, లెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, రిచర్డ్ ఏడేళ్ళ వయసు నాటికే తూర్పు ఇంగ్లాండును విడిచి, వర్షపాతం ఎక్కువగా ఉండే పశ్చిమ ప్రాంతానికి, బహుశా వేల్స్ సరిహద్దులకు, చేరాడు. కౌమారంలో తిరిగి తూర్పునకు వచ్చాడు. చివరి సంవత్సరాలలో మంచినీటి చేపలు, అడవి పక్షుల మాంసం వంటి ఖరీదైన ఆహారం పెరిగింది. అప్పటి ఆక్సిజన్ నిష్పత్తిలోని మార్పు నివాసం మారడం వలన కాక, విదేశీ ద్రాక్షసారాయి ఎక్కువగా తాగడం వలన వచ్చిందని పరిశోధకులు భావించారు.

ఈ విధంగా ఇతడు ఎక్కడ పెరిగాడో, ఏమి తిన్నాడో ఎముకలు తెలిపాయి. కాని అన్న కుమారుల విషయంలో ఇతడు దోషి అవునో కాదో తెలుపగల పరీక్ష ఇది కాదు. 2015 మార్చి 26న అస్థికలను లెస్టర్ కెథెడ్రల్‌లో పునఃఖననం చేసారు.