కాటన్ దొర: రాయి, సున్నము

1833 నాటి ఘోరక్షామము గోదావరి సీమను కుంగదీసినది. ఆ నీటిని పొలములకు మరల్చుటకు ఆర్థర్ కాటన్ (1803–1899) 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట నారంభించెను. నది అడుగున రాతినేల లేదు, అంతయు ఇసుకయే. ఇసుకపై బరువెట్లు నిలుచును, వరద ఎంత త్రోయును అనునవి భౌతికశాస్త్ర ప్రశ్నలు. రాయి కొండనుండి నదిలోనికి చేరినను రాయియే గదా! ఆ కిటుకును కావేరిపై మన పూర్వులు కట్టిన కల్లణై నుండి ఆయన గ్రహించెను. ఆ ఋణమును దాచుకొనలేదు.

రాళ్లను బంధించు సున్నము కథ వేరు. బట్టీలో సున్నపురాయి బొగ్గుపులుసు వాయువును విడిచి వేరొక పదార్థమగును; నీరు పోయగా ఉడుకును; పిదప గాలినుండి అదే వాయువును మెల్లగా గైకొని మరల రాయి వలె గట్టిపడును. పదార్థమే మారెను గనుక ఇది రసాయనశాస్త్రము, అందు నిరింద్రియ శాఖ. ఆ నీట పండిన వరిగింజలోని పిండిపదార్థము సేంద్రియ శాఖది.

1852లో ఆనకట్ట పూర్తియై కాలువలకు నీరు పారెను.