స్టూడెంట్ అనే పేరు వెనక బ్రూవర్

డాలస్‌లో ఉండే మా బావ వీకెండ్ వస్తే గ్యారేజీలో బీరు కాస్తాడు. అక్కడ అది లీగలే, కంగారు పడకండి. ఈ మధ్య నల్లటి స్టౌట్ కాచి, దాన్ని గిన్నిస్‌లా పోయాలని నైట్రోజన్ సెటప్ పెట్టాడు. మామూలు బీరుకి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఒక్కటి చాలు. స్టౌట్‌కి మాత్రం నాలుగింట మూడొంతులు నైట్రోజన్, మిగతాది కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్ కావాలట. ఆ సిలిండర్‌లో ప్రెషర్ బాగా ఎక్కువ, కాబట్టి రెగ్యులేటర్ వేరేది కొనాలి. ట్యాప్ కూడా వేరేదే. దాని లోపల సన్నటి చిల్లులున్న బిళ్ళ ఒకటి ఉంటుంది. స్టౌట్ ఆ చిల్లుల్లోంచి దూరి వచ్చేసరికి లోపల కరిగి ఉన్న గ్యాస్ ఒక్కసారిగా పొడి లాంటి బుడగలై బయటపడుతుంది. పైన మీగడలా నురగ కడుతుంది. గ్లాసు గోడ పక్కన బుడగలు పైకి కాకుండా కిందికి దిగుతుంటాయి. నిజానికి గ్లాసు మధ్యలో బుడగలు పైకే పోతాయి, వాటితో పాటు పైకి వెళ్లిన ద్రవం అంచుల వెంబడి తిరిగి కిందికి వస్తూ చిన్న బుడగల్ని లాక్కుని వస్తుంది.

నైట్రోజనే ఎందుకంటే, లెక్క మనం ఇంటర్‌లో చదివిందే. ఆ చిల్లుల్లోంచి స్టౌట్‌ని తోయాలంటే గేజ్ మీద సుమారు 30 పీఎస్‌ఐ కావాలి. గాలి ఒత్తిడి ఇంకో 15 కలిపితే 45. అంత ఒత్తిడి మొత్తం కార్బన్ డయాక్సైడ్‌తో ఇస్తే అది స్టౌట్‌లో విపరీతంగా కరిగిపోయి, ట్యాప్ తిప్పగానే గ్లాసంతా నురగే. మిశ్రమంలో దాని వాటా పావు వంతే కాబట్టి దాని పాక్షిక ఒత్తిడి 11 చిల్లర దగ్గర ఆగిపోతుంది. తోసే పని నైట్రోజన్ చూసుకుంటుంది, అది కరిగేది చాలా చాలా తక్కువ.

ఇంత తెలివైన పద్ధతిని కనిపెట్టింది ఎవరో కెమికల్ ఇంజనీర్ అనుకుంటాం కదా. కాదు, మైకేల్ యాష్ అనే మ్యాథమెటీషియన్. కేంబ్రిడ్జిలో మ్యాథ్స్ చదివి గిన్నిస్‌లో చేరాడు. కంపెనీకి 200 ఏళ్లు నిండిన 1959లో నైట్రోజన్ స్టౌట్ జనం ముందుకొచ్చింది. బీరు కంపెనీకి మ్యాథ్స్ మనిషితో పనేంటి అని వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే, ఇంకో అరవై ఏళ్ల ముందు అదే కంపెనీలో చేరిన ఒకాయన దగ్గర ఆగాను. పేరు విలియం సీలీ గాసెట్. ఈ పేరు మీరు విని ఉండకపోవచ్చు గానీ మీ ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ నోట్సులో ఆయన ఉన్నాడు. స్టూడెంట్స్ టీ-టెస్ట్ అని హెడ్డింగ్ పెట్టి అండర్‌లైన్ చేశాం చూడండి, ఆ స్టూడెంట్ ఈయనే. మా క్లాసులో సగం మంది అది స్టూడెంట్ల కోసం తేలిక చేసిన టెస్ట్ అనుకుంటున్నారు.

గాసెట్ 1876 జూన్ 13న ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో పుట్టాడు. తండ్రి రాయల్ ఇంజనీర్స్‌లో కర్నల్. కొడుకూ అందులోకే వెళ్లాల్సింది, కానీ కంటిచూపు సరిగా లేక కుదరలేదు. వించెస్టర్‌లో స్కూలు, ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీలో మ్యాథ్స్, ఆపైన కెమిస్ట్రీ. రెండిట్లోనూ ఫస్ట్ క్లాసే. అప్పట్లో గిన్నిస్ వాళ్లు ఒక కొత్త పని మొదలుపెట్టారు: ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల నుంచి సైన్స్ గ్రాడ్యుయేట్లని తెచ్చి బ్రూవర్లుగా పెట్టుకోవడం. అలా 1899లో గాసెట్ డబ్లిన్ వెళ్లాడు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ అనుకోండి.

డబ్లిన్‌లో ఆయన ముందున్నది ప్రపంచంలోని పెద్ద బ్రూవరీల్లో ఒకటి. బార్లీ, మాల్ట్, హాప్స్, ఈస్ట్ అన్నీ ప్రకృతి నుంచి వచ్చేవే కాబట్టి ఏ రెండు బస్తాలూ ఒకేలా ఉండవు. స్టౌట్ మాత్రం ప్రతిరోజూ ఒకేలా ఉండాలి. కాబట్టి కొలవాలి. ఒక మాల్ట్ నుంచి ఎంత చక్కెర దిగుతుందో ల్యాబ్‌లో చూడటానికి టైమ్, సరుకు, మనిషి కావాలి. వెయ్యి సార్లు చేయలేరు. అప్పటి స్టాటిస్టిక్స్ పుస్తకాలేమో శాంపిల్ పెద్దదని అనుకునే అన్ని ఫార్ములాలూ ఇచ్చాయి. నాలుగు రీడింగులే ఉన్నవాడు ఏం చేయాలో ఎక్కడా లేదు.

గాసెట్ 1904లో కంపెనీ లోపలి వాళ్ల కోసం ఒక రిపోర్టు రాశాడు. అందులో ఆయన అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. మాల్ట్ కొలతలో అర డిగ్రీ తేడా వరకు పర్వాలేదు అనుకుందాం. ఆ అర డిగ్రీ లోపలే ఉన్నామని పదికి ఒకటి చొప్పున పందెం కాయగలిగితే చాలు అనుకుందాం. అప్పుడు ఎన్ని రీడింగులు తీయాలి? నాలుగు. చూడండి, ఇక్కడ 5 శాతం అని ఎవరూ పైనుంచి ఇవ్వలేదు. ఎంత తేడా వస్తే స్టౌట్ మారుతుంది, ఇంకో రీడింగుకి ఎంత ఖర్చవుతుంది అని పనిలోంచి వచ్చిన అంకె అది.

నాలుగు రీడింగుల సగటుని ఎంత నమ్మొచ్చో మాత్రం ఇంకా తేలలేదు. దాంతో 1905లో ఆ రోజుల్లో స్టాటిస్టిక్స్‌కి పెద్ద దిక్కైన కార్ల్ పియర్సన్‌ని కలిశాడు. 1906లో మార్జరీ ఫిల్‌పాట్స్‌తో పెళ్లి. అదే ఏడాది కంపెనీ ఆయన్ని లండన్ యూనివర్సిటీ కాలేజీలో పియర్సన్ ల్యాబ్‌కి పంపింది. పియర్సన్ దగ్గర డేటా అంటే వందలు, వేలు. చిన్న శాంపిల్స్ గొడవ బ్రూవర్లకే గానీ తనకెందుకు అన్నట్టు ఉండేవాడు. అయినా కాదనకుండా సాయం చేశాడు.

ఇక్కడి నుంచి సీఎస్ వాళ్లు జాగ్రత్తగా చదవండి. తను ఊహించిన కర్వ్ సరైనదో కాదో చూడటానికి గాసెట్ 3000 మంది నేరస్థుల కొలతలు తీసుకున్నాడు. అప్పటికే ఇంకొకరు ప్రచురించిన డేటా అది: ఎత్తు, ఎడమచేతి మధ్యవేలి పొడవు. ఒక్కో మనిషికి ఒక్కో అట్టముక్క చొప్పున 3000 కార్డులు రాసి, బాగా కలిపి, వరసగా తీసి, నాలుగేసి చొప్పున 750 గుంపులు చేశాడు. ప్రతి గుంపుకీ సగటు, విచలనం లెక్కకట్టి తన కర్వ్‌తో పోల్చాడు. మనం పైథాన్‌లో రాండమ్ శాంపిల్ అని ఒక లైను కొట్టి, ఫర్ లూప్ పెట్టి వదిలేస్తాం. ఆయన అది పేకముక్కల్లా చేత్తో కలిపి చేశాడు. మాంటే కార్లో అనే పేరు పుట్టడానికి దాదాపు నలభై ఏళ్ల ముందు.

ఆ పేపర్ 1908లో బయోమెట్రికా పత్రికలో వచ్చింది. రాసినవారు: స్టూడెంట్. అంతకు ముందు ఏడాది ఈస్ట్ కణాలని మైక్రోస్కోప్ కింద గడుల్లో లెక్కపెట్టడం గురించి రాసిందీ ఆ పేరుతోనే. కారణం కంపెనీ రూలు. రహస్యాలు బయటికి పోతాయన్న భయంతో గిన్నిస్ వాళ్లు ఉద్యోగులు సొంత పేరుతో ప్రచురించడానికి ఒప్పుకోలేదు. ఆయన ఒక్కడే కాదు, అక్కడి ఇంకొకరు సోఫిస్టర్ అనే పేరుతో రాసేవారు. మనకి కలం పేర్లు కొత్తేం కాదు. భాగవతుల సదాశివ శంకర శాస్త్రి గారు ఆరుద్ర అయ్యారు. కానీ అది ఆయన ఇష్టంగా పెట్టుకున్న పేరు, జనానికి ఆ పేరు వెనక మనిషీ తెలుసు. గాసెట్‌ది అలా కాదు. దాదాపు ముప్పై ఏళ్లు రాసిన పేపర్లన్నీ వేరే ఎవరివో అన్నట్టు ఉండిపోయాయి. నాకైతే ఇది అన్యాయం అనిపిస్తుంది. ఆయన మాత్రం దీని గురించి పెద్దగా గొడవ పడినట్టు కనిపించడు.

పేపర్ వచ్చాక చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1912లో కేంబ్రిడ్జిలో చదువుతున్న రోనాల్డ్ ఫిషర్ అనే కుర్రాడు మాత్రం గాసెట్ ఊహతో సాధించిన దానికి అసలైన ప్రూఫ్ రాసి పంపాడు. ఎన్ డైమెన్షన్ల జామెట్రీతో చేసిన ఆ ప్రూఫ్ తనకి మింగుడు పడలేదని గాసెట్ దాన్ని పియర్సన్‌కి పంపించేశాడు. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ సంగతి స్పష్టం చేసిందీ, 1925లో తన పుస్తకం ద్వారా ఈ టెస్ట్‌ని ప్రపంచమంతా తిప్పిందీ ఫిషరే. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివిన మన సి.ఆర్.రావు గారు తర్వాత కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది ఈ ఫిషర్ దగ్గరే. పియర్సన్‌కీ ఫిషర్‌కీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆ ఇద్దరితోనూ చివరిదాకా స్నేహంగా ఉన్నవాడు గాసెట్.

అంత స్నేహంలోనూ ఒక విషయంలో ఆయన ఫిషర్‌కి లొంగలేదు. బార్లీ రకాలు పోల్చడానికి ఐర్లండ్ పొలాల్లో ఏళ్ల తరబడి ట్రయల్స్ జరిగేవి. పొలమంతా ఒకే సారం ఉండదు కాబట్టి రెండు రకాలనీ పొడుగాటి చాళ్లుగా పక్కపక్కనే వేసి, పక్కదానితో పక్కదాన్ని పోల్చాలన్నది గాసెట్ వాదం. ఫిషర్ ఏ చోట ఏది వేయాలో చీటీ తీయాలన్నాడు. చీటీలో ఒక రకానికి మంచి నేలంతా పడిపోతే నష్టపోయేది ఎవరు అని గాసెట్ పట్టు. మా తాతయ్య కొత్త వరి రకం వచ్చినప్పుడల్లా ముందు ఒక్క మడిలో వేసి, ఆనుకుని ఉన్న మడిలో పాత రకమే ఉంచి చూసేవారు. పోతే ఒక మడి పంట పోవాలి గానీ ఏడాది తిండి పోకూడదు కదా. థియరీలో ఫిషర్ గెలిచాడని పుస్తకాలు అంటాయి. నేను మాత్రం గాసెట్ పార్టీ.

ఆయన బుర్ర ఎలా పనిచేసేదో తెలియాలంటే పాల కథ చదవాలి. 1930లో స్కాట్లండ్ లానార్క్‌షైర్ స్కూళ్లలో 20,000 మంది పిల్లల మీద ప్రయోగం చేశారు. 10,000 మందికి నాలుగు నెలలు రోజూ పాలు, మిగతా 10,000 మందికి లేవు. ఇంత పెద్ద శాంపిల్ ఉంటే ఇంక అనుమానమేంటి అనుకుంటాం. గాసెట్ 1931లో దాన్ని విప్పి చూపించాడు. గుంపులు సమంగా లేవనిపిస్తే పిల్లల్ని అటూ ఇటూ మార్చే వీలు టీచర్లకిచ్చారు. వాళ్లు జాలిపడి బక్కగా ఉన్న పిల్లల్ని పాల గుంపులోకి తోశారు. పైగా పిల్లల్ని బట్టలతోనే తూచారు, మొదటిసారి ఫిబ్రవరి చలిలో, రెండోసారి జూన్‌లో. ఉన్నవాళ్ల పిల్లలు దళసరి కోట్లు తీసేసి వచ్చారు, లేనివాళ్లకి తీయడానికి ఏముంది? 20,000 మందికి బదులు 50 జతల కవలల్ని తీసుకుని, ప్రతి జతలో ఒకరికే పాలిస్తే ఇంతకన్నా మంచి జవాబు, అదీ ఎంతో తక్కువ ఖర్చుతో వచ్చేదని ఆయన తేల్చాడు. ఎక్కువ డేటా పెడితే మోడల్ అదే బాగుపడుతుందని నమ్మే మా ఏఐ-ఎంఎల్ బ్యాచ్‌కి ఇది ప్రింట్ తీసి అతికించాలి.

ఇంట్లో ఆయన ముగ్గురు పిల్లల తండ్రి. వడ్రంగం, పడవలు కట్టడం, పళ్ల చెట్లు, చేపలు పట్టడం, వీటితో ఖాళీ ఉండేది కాదు. లెక్కలు కవర్ల వెనకాల వేసే అలవాటు. ప్రొఫెసర్ పోస్టు వైపు వెళ్లలేదు. చేరింది బ్రూవర్‌గా, ఉన్నదీ బ్రూవర్‌గానే. 1935 చివర్లో గిన్నిస్ లండన్ పార్క్ రాయల్‌లో కొత్త బ్రూవరీ పెడితే అక్కడి సైన్స్ పనులు చూడటానికి వెళ్లాడు. 1937లో హెడ్ బ్రూవర్ అయ్యాడు. కొద్ది నెలలకే, అక్టోబరు 16న, గుండెపోటుతో పోయాడు. వయసు 61.

1942లో ఆయన పేపర్లన్నీ కలిపి ఒక పుస్తకంగా వేశారు. అట్ట మీద రచయిత పేరు అప్పుడు కూడా స్టూడెంటే.