ఒడ్డు చేరని ఈత

మా ఎర్రగుంట్లలో చలి పట్టుమని రెండు నెలలు కూడా ఉండదు. ఏడాదిలో చాలా భాగం నాపబండల మీద కాలు పెడితే చురుక్కుమనే ఊరు మాది. అలాంటి చోట పుట్టిన నాకు, నీళ్లలో ఉండగానే చలికి మనిషి ప్రాణం పోతుందంటే చాన్నాళ్లు నమ్మకం కుదర్లేదు. చిన్నప్పుడు ఒక్కసారి మాత్రం దాని ఛాయ చూశాను. జేజి వాళ్ల బాయిలో నడుముకి సొరబుర్ర కట్టుకుని ఈత నేర్చుకునే రోజులవి. సంక్రాంతి ముందు ఒక పొద్దున పంతానికి పోయి ఎంతసేపటికీ పైకి రాలేదు. వచ్చాక చూస్తే నడుముకున్న తాడు ముడి విప్పుకోవడానికి వేళ్లు వంగలేదు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. జేజి తిట్టుకుంటూ పొయ్యి ముందు కూచోబెట్టి అరికాళ్లు రుద్దింది. చలికాలం బాయి నీళ్లు వెచ్చగానే ఉంటాయి కదా, మరి నాకెందుకంత చలి వేసిందో అప్పుడు తెలీలేదు.

2021లో మన తెలుగావిడ గోలి శ్యామల శ్రీలంక వైపు నుంచి పాక్ జలసంధిని ఈదిందని పేపర్లో చూసినప్పుడు ఆ బాయి గుర్తొచ్చింది. అక్కడి సముద్రం వెచ్చన. మరి చన్నీళ్ల సముద్రంలో ఈదిన ఆడవాళ్ల సంగతేమిటా అని వెతుకుతుంటే దొరికింది మెర్సిడెస్ గ్లైట్జ్ కథ.

ఆమె 1900లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో పుట్టింది. తల్లిదండ్రులు జర్మన్లు. లండన్‌లో టైపిస్టు ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, థేమ్స్ నదిలోనో సముద్రంలోనో ఉండేది. ఫ్రాన్సుకీ ఇంగ్లండుకీ మధ్యనున్న ఇంగ్లిష్ ఛానల్ ఈదాలని ఆమె పట్టుదల. సన్నగా ఉన్న చోట కూడా ముప్పై కిలోమీటర్లు దాటుతుంది, పైగా అలల లాగుడుకి ఈదే దూరం ఇంకా పెరుగుతుంది. ఏడుసార్లు దిగింది, ఏడుసార్లూ ఓడింది. ఎనిమిదోసారి, 1927 అక్టోబరు 7న, పొగమంచులో 15 గంటల 15 నిమిషాలు ఈది ఒడ్డెక్కింది. ఛానల్ దాటిన తొలి బ్రిటిష్ మహిళ అయింది.

ఆ సంబరం నాలుగు రోజులే! డొరతీ లోగన్ అనే డాక్టరమ్మ తానూ ఈదాననీ, ఇంకా తక్కువ టైములో ఈదాననీ ప్రకటించింది. కొద్ది రోజులకే అసలు సంగతి తనే బయటపెట్టింది. దారిలో చాలాభాగం పడవలోనే వచ్చిందట! ఈ ఈతల్లో మోసం చేయడం ఎంత తేలికో చూపించడానికే ఆ పని చేశానంది. అంతే, వేళ్లన్నీ మెర్సిడెస్ వైపు తిరిగాయి. ఈవిడ మాత్రం నిజంగా ఈదిందని ఏంటి గ్యారంటీ అన్నారు. ఎవరో చేసినదానికి ఇంకో ఆడమనిషి పరీక్షకి నిలబడ్డం మనకేం కొత్త కాదు. సీతమ్మకి నిప్పు, ఈమెకి చన్నీళ్లు. మళ్లీ ఈది చూపిస్తానని అక్టోబరు 21న ఫ్రాన్సు ఒడ్డున నీళ్లలోకి దిగింది.

రెండు వారాల్లో ఏం మారుతుంది అనుకుంటాం. అక్టోబరు గడిచేకొద్దీ ఆ సముద్రం చల్లబడుతుంది. ఆ రోజు నీళ్లు 12 నుంచి 15 డిగ్రీలు. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టిన బాటిల్ నీళ్లలా అన్నమాట. అందులో గంటలకొద్దీ!

మన ఒంటి లోపలి వేడి 37 డిగ్రీలు. అదే చల్లదనం ఉన్న గాలి కంటే నీరు ఒంట్లో వేడిని పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది. నీళ్లు వెచ్చగా తోచినా ఒంటికంటే చల్లన కాబట్టి లాగుతూనే ఉంటుంది. నా బాయి సంగతి అదీ! గుండెనీ మెదడునీ కాపాడుకోడానికి శరీరం ముందు కాళ్లకీ చేతులకీ రక్తం తగ్గిస్తుంది. అందుకే వేళ్లు మొదట మొరాయిస్తాయి. లోపలి వేడి 35 కంటే తగ్గిందా, ప్రమాదం మొదలైనట్టే. వణుకు, ముద్దముద్దగా మాట, తికమక. ఇంకా దిగజారి 32 దగ్గరికొచ్చేసరికి వణుకు ఆగిపోతుంది. చూసేవాళ్లు హమ్మయ్య, సర్దుకుంది అనుకుంటారు. అసలు భయపడాల్సింది అప్పుడే. ఈదే మనిషిని అడిగితే బాగానే ఉన్నానంటుంది, ఎందుకంటే అప్పటికి ఆ మెదడే సరిగ్గా పనిచేయడం లేదు. అందుకని పక్కన పడవలో ఉన్నవాళ్లు నిమిషానికి ఎన్ని బారలు వేస్తోందో లెక్కపెడతారు, పలకరించి జవాబు ఎలా వస్తోందో చూస్తారు. ముట్టుకోవడానికి మాత్రం లేదు. ముట్టుకుంటే ఈత అయిపోయినట్టే.

ఒంటికి కొవ్వు పూస్తారు కదా, అది చలినేమీ ఆపదు, చర్మం ఒరుసుకుపోకుండా పనికొస్తుంది. చలిని ఆపేది చర్మం కింద ఉండే కొవ్వు. అది సాధారణంగా ఆడవాళ్లకే ఎక్కువ. 1926లో ఛానల్ దాటిన మొదటి మహిళ, అమెరికా అమ్మాయి గెర్‌ట్రూడ్ ఎడెర్లీ, అప్పటిదాకా మగవాళ్ల పేరున ఉన్న రికార్డుని దాదాపు రెండు గంటల తేడాతో కొట్టేసింది. నడుం చుట్టుకొలత చూసుకుని దిగులుపడేవాళ్లు ఈ ముక్క దాచుకోండి!

మెర్సిడెస్ పది గంటలు దాటి ఈదింది. నిద్ర ముంచుకొచ్చింది, తెలివి తప్పుతోంది. ఇంగ్లండు ఒడ్డు ఇంకా ఏడు మైళ్లుందనగా, 10 గంటల 24 నిమిషాల దగ్గర ఆమెను పడవలోకి లాగేశారు. లెక్క ప్రకారం ఓడిపోయింది. కానీ పడవల్లోంచి కళ్లారా చూసినవాళ్లకి అనుమానం తీరిపోయింది. అంత చలిలో అంతసేపు నిలిచిన మనిషి మొదటిసారి ఈదలేదని ఎలా అంటారు? అక్టోబరు 7 నాటి ఈత ఆమె పేరునే నిలిచింది. ఈ గొడవల తర్వాతే, 1927లోనే, ఛానల్ ఈతలను పరిశీలించి ధ్రువపరిచే సంఘం కూడా పుట్టింది.

ఆ రోజు ఆమె మెడలో రోలెక్స్ వాళ్ల కొత్త వాటర్‌ప్రూఫ్ గడియారం వేలాడుతోంది. నీళ్లలో అన్ని గంటలున్నా అది ఆగలేదు. నెల తిరిగాక లండన్ పత్రిక మొదటి పేజీ నిండా దాని ప్రకటన! ఈనాటికీ ఆ గడియారం కథ తెలిసినంతమందికి ఆ ఈతగత్తె పేరు తెలీదు. నాకిది కొంచెం కష్టంగానే అనిపిస్తుంది.

బయటికి లాగేశాక కూడా గండం గడిచినట్టు కాదు. తర్వాత కాసేపు లోపలి వేడి ఇంకా పడిపోతూనే ఉంటుంది. అప్పుడు వేన్నీళ్లు పోయడం, మంట దగ్గర కూచోబెట్టడం, కాళ్లూ చేతులూ రుద్దడం, బ్రాందీ పట్టడం అన్నీ చెరుపే. తడిబట్టలు తీసి, తుడిచి, దుప్పట్లు చుట్టి, కదపకుండా పడుకోబెట్టి, ఛాతీనీ వీపునీ మెల్లగా వెచ్చబరచాలి. పూర్తి తెలివిలో ఉంటేనే తీపిగా గోరువెచ్చగా ఏదైనా తాగించాలి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మా జేజి వైద్యం నాకు సరిపోయిందంటే నాది చిన్న చలి కాబట్టే.

వేడి దేశం మనిషికి ఇది సాధ్యమా అంటే, కలకత్తా అమ్మాయి ఆరతి సాహా ఉంది. 1959 ఆగస్టులో ఒకసారి ఓడింది. నెల తిరిగాక, సెప్టెంబరు 29న, 19 ఏళ్ల వయసులో, 16 గంటల 20 నిమిషాల్లో అదే ఛానల్ దాటింది. అంతకుముందే అక్కడికి వెళ్లి ఆ చన్నీళ్లలోనే సాధన చేసింది. మెల్లమెల్లగా అలవాటు చేస్తే ఒళ్లు కొంతవరకు తట్టుకుంటుంది. ఆమె పద్మశ్రీ కూడా అందుకుంది.

మెర్సిడెస్ అక్కడితో ఆగలేదు. 1928లో జిబ్రాల్టర్ జలసంధిని ఈదింది, ఆడా మగా కలిపి అది మొదటి ఈత. ఈతల వల్ల వచ్చిన డబ్బుతో నిలువ నీడ లేనివాళ్లకి ఇళ్లు ఏర్పాటు చేయాలన్నది మొదటినుంచీ ఆమె కోరిక. 1933లో లెస్టర్ నగరంలో అవి తెరుచుకున్నాయి, 1940లో బాంబులకి కూలిపోయాయి. పెళ్లయి, పిల్లలు పుట్టాక ఈతలు మానేసింది. 1981లో కన్నుమూసేదాకా, తన ఈతల గురించి ఇంట్లో పిల్లలకి కూడా పెద్దగా చెప్పలేదట.