ఒరకు వన్నె తెచ్చిన శిల్పి

ఖడ్గమును తలచినంతనే మన మనస్సున మెఱయునది దాని పదును. కాని జపాను దేశమున ఒక ఖడ్గము సిద్ధమగుటకు కమ్మరి యొక్కడే చాలడు. సానపట్టువాడు, పిడి చేయువాడు, ఒర చెక్కువాడు, దానికి లక్క పూయువాడు, ఇందఱును చేయి కలుపవలెను. ఆ లక్కపనిలో సాటిలేని కీర్తి గడించిన మహాశిల్పి షిబాటా జెషిన్.

జెషిన్ 1807వ సంవత్సరమున ఎడో నగరమున జన్మించెను. నేటి టోక్యో నగరమే ఆనాటి ఎడో. అతని తాత దేవాలయములకు కొయ్యపని చేసిన వడ్రంగి. తండ్రి చిత్రకళ నెఱిగినవాడు. బాలుడు తన 11వ యేట కోమా కన్సాయి యను ప్రసిద్ధుడైన లక్కపనివాని యొద్ద శిష్యుడుగా చేరెను.

ఆ వృత్తి సులభమైనది కాదు. ఒరకును, పిడికిని మన సంపంగి కుటుంబమునకే చెందిన ఒక చెట్టు కొయ్యను వాడుదురు. అది మెత్తనిది గావున కత్తిని గీయదు. కొయ్యను రెండు బద్దలుగా చేసి, కత్తి యాకారమునకు సరిపోవునట్లు లోపల తొలిచి, అన్నపు జిగురుతో అతుకుదురు. గట్టి జిగురు దొరకక కాదు; ఎన్నడైన ఒరలో మురికి చేరినచో బద్దలను విడదీసి శుభ్రము చేయుటకే యీ యేర్పాటు. పిడి కొయ్యపై టేకు చేప గరుకు చర్మమును కప్పి, దానిమీద పట్టుత్రాడు నల్లుదురు. చిన్న వెదురుచీల యొకటి పిడిని కత్తితో బంధించును.

ఇక లక్క సంగతి. మన ఏటికొప్పాక బొమ్మలకు పట్టించు లక్క ఒక పురుగు వలన కలుగునది. జపాను లక్క యట్టిది కాదు. అది ఒక చెట్టు బెరడును గీచి తీసిన పాలు. పచ్చిరసము తగిలినచో ఒడలిపై దద్దురులు లేచును. తక్కిన రంగులు ఎండలో ఆరును. ఇది మాత్రము వెచ్చని తడిగాలిలోనే గట్టిపడును. కావున పూసిన వస్తువును తేమగల పెట్టెలో నుంచుదురు. ఒక పూత గట్టిపడిన పిదప దానిని బొగ్గుతో రుద్ది నునుపుచేసి, మఱియొక పూత వేయుదురు. ఇట్లు పలుమారులు చేయవలెను. తొందరపడువానికి ఈ విద్య అబ్బదు.

ఆ కాలమున లక్కపనివారు తఱచుగా ఇతరులు గీచిన చిత్రములనే తమ వస్తువులపై దించుచుండిరి. తన శిష్యుడట్లు పరుల చేతిగీతపై ఆధారపడరాదని కన్సాయి తలంచి, అతనిని చిత్రలేఖనము నభ్యసింప సుజుకి నన్‌రేయి యను చిత్రకారుని యొద్దకు పంపెను. తరువాత జెషిన్ క్యోటో నగరమునకేగి ఒకమోటో తొయోహికో యొద్దను ఆ విద్యలో మెఱుగులు దిద్దుకొనెను. 1835వ సంవత్సరమున కన్సాయి మరణింపగా ఆ కర్మశాల భారము జెషిన్ పై బడెను.

కొలది యేండ్లకే తొలి పరీక్ష వచ్చెను. 1841వ సంవత్సరమున ప్రారంభమైన సంస్కరణలలో ప్రభుత్వము ఆడంబరమును అణచుటకై బంగారు వెండి వాడుకను నిషేధించెను. లక్కపనికి శోభనిచ్చునది బంగారుపొడియే. జెషిన్ అధైర్యపడలేదు. లక్కతోనే కంచు వన్నెను, తుప్పుపట్టిన ఇనుము రూపును కల్పించెను. ఆ వస్తువును చేతబట్టి దాని తేలికదనము గ్రహించిన పిమ్మటగాని అది కొయ్యయని చూపరులకు తెలియకుండెను. చిక్కని లక్కపై దువ్వెనవంటి పనిముట్టును నడపి సముద్రతరంగములను తీర్చు ప్రాచీన విధానము మఱుగుపడియుండగా, దానిని సైతము అతడు పునరుద్ధరించెను. నిషేధమే అతని నైపుణ్యమునకు సాన యయ్యెను.

రెండవ పరీక్ష మఱింత కఠినమైనది. 1868వ సంవత్సరమున పాత ప్రభుత్వము కూలెను. 1876వ సంవత్సరమున, సైనికులు మొదలగు కొందఱు తప్ప, ఎవ్వరును ఖడ్గము ధరింపరాదని నూతన ప్రభుత్వము శాసించెను. తరతరములుగా నడుమున రెండు కత్తులు దాల్చిన సమురాయిల వైభవ మంతరించెను. ఖడ్గములే లేనపుడు ఒరలతో పనియేమి? ఎందఱో పనివారికి జీవనాధారము పోయెను.

జెషిన్‌కు అప్పటికి డెబ్బదియేండ్లు సమీపించుచుండెను. అయినను అతడు చేతులు ముడిచికొని కూర్చుండలేదు. ఒరలపై సాధించిన నేర్పునే పెట్టెలకును, పళ్లెములకును, చిత్రఫలకములకును వినియోగించెను. లక్కతో కాగితముపై చిత్రములు వ్రాసెను. చుట్టచుట్టినను పగులని లక్కను సిద్ధము చేయుట అతని ప్రతిభకు పరాకాష్ఠ. అంతకుముందే, 1873వ సంవత్సరమున, వియన్నా నగరపు అంతర్జాతీయ ప్రదర్శనమున ఫూజీ పర్వతమును చూపు అతని లక్కఫలకము బహుమాన మందియుండెను.

1890వ సంవత్సరమున జపాను చక్రవర్తి కొలువు అతనిని ఆస్థానకళాకారునిగా గౌరవించెను. మఱుసటి సంవత్సరమే ఆ వృద్ధశిల్పి కన్నుమూసెను. అతని శిష్యుడైన ఇకెదా తయిషిన్ కూడ పిదప అట్టి గౌరవమునే పొందెను.

విద్యార్థులారా! రాజులు మాఱుదురు, శాసనములు మాఱును, నేడు గిరాకి గల వస్తువు రేపు మూలబడును. కాని శ్రద్ధతో నేర్చిన పనితనము చేతిని విడిచిపోదు. అది వేఱొక వస్తువును వెదకికొనును. ఒరల కాలము గడచినను జెషిన్ పేరు నిలిచియుండుటకు కారణ మిదియే.