ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళు

నిజాము రాష్ట్రపు రైలు మార్గము 1889లో బెజవాడను చేరినది. ఎడ్లబండ్లమీద ఎన్నో దినములు పోవలసిన హైదరాబాదు నాటితో కృష్ణా డెల్టావాసులకు చేరువయ్యెను. ఆ రైలు దిగిన మన పెద్దలు చూచిన నగరము ఎట్టిదో నేడు మనము కన్నులార చూడగలుగుచున్నాము. అందులకు ముఖ్యకారకుడు రాజా దీనదయాళు.

ఈయన ఆంధ్రుడు కాడు. 1844లో మీరటు సమీపమున సర్ధనా యను ఊర, రత్నవర్తకము చేయు జైన కుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇండోరు పబ్లిక్ వర్క్సు శాఖలో అంచనాలు వేయుటకును పటములు గీయుటకును ఉద్యోగిగా ప్రవేశించెను. గోడ ఎత్తెంత, కమాను వెడల్పెంత, దానికి పట్టు ఇటుక యెంత, సున్నమెంత అను లెక్కలే ఆయన నిత్యకృత్యము. ఇది చిన్న సంగతిగా తోచవచ్చును గాని, ఆయన చిత్రములకు మూలమిదియే. కట్టడమును కొలిచి యెరిగినవానికి అది ఏ మూలనుండి చూచిన నిండుగా కనబడునో వేరొకరు చెప్పనక్కరలేదు.

1874 ప్రాంతమున ఆయన కెమెరా చేబట్టెను. ఆనాటి ఛాయాగ్రహణము నేటివలె సులభము గాదు. గాజుపలకపై మందు పూసి, ఆ తడి యారకముందే చిత్రము తీసి, వెనువెంటనే చీకటి డేరాలో కడుగవలెను. కావున పలకల పెట్టెలు, మందుసీసాలు, డేరా, నీళ్లు సమస్తమును వెంట నడువవలెను. ఎండకు పూత ముందే ఆరెనా, పడిన శ్రమయంతయు వ్యర్థము. పలకను కొంతసేపు వెలుతురునకు తెరచియుంచవలసి వచ్చుటచే, కదలిన మనుష్యుడు మసకగీతయై పోవును. కదలని గోడ మాత్రము స్పష్టముగా నిలుచును. పిమ్మట పొడిపలకలు వచ్చి ఈ బాధ చాలవరకు తగ్గినది.

సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించెను. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ తిరిగి ప్రాచీన కట్టడములను చిత్రించెను. తరువాత సర్కారు కొలువు విడిచి ఈ వృత్తినే నమ్ముకొనెను. నలువదియేండ్లు దాటిన గృహస్థు నెలజీతము వదలుకొనుట సామాన్య సాహసము గాదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా స్వీకరించెను. 1886లో సికింద్రాబాదున స్టూడియో వెలసెను. 1892లో పరదా స్త్రీల కొరకు వేరొక స్టూడియో నెలకొల్పి, అందు స్త్రీచేతనే చిత్రములు తీయించెను. 1894లో నిజాము రాజా బిరుదమొసగెను. 1896లో బొంబాయి స్టూడియో తెరువబడెను.

ఆయనకు కూడుపెట్టినవి ప్రభువుల వేటలు, విందులు, దర్బారులు. నిజము చెప్పవలెనన్న, ఆ చిత్రములు పది చూచిన పదునొకండవది చూడకయే ఊహింపవచ్చును. చార్మినారు చిత్రముల సంగతి వేరు. అందు మినారుల క్రింద సాగు వీధియున్నది, బండ్లున్నవి, ఎవరి పేరును ఎరుగని బాటసారులున్నారు. 1899-1900 నాటి కరవులో ఔరంగాబాదు ప్రాంతపు సహాయ కేంద్రములను చిత్రించినవియు ఉన్నవి. బక్కచిక్కిన ఆ జనమును చూచినపుడు, పలుగు పట్టలేని చేతికి పలుగిచ్చి కూలి యిచ్చిన కాలమది యని బోధపడును.

1904లో కుమారుడు ధరంచందు గతించెను. మరుసటి యేడు, 1905 జూలైలో, దీనదయాళు కన్నుమూసెను.

మూడేండ్లకు, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగెను. అఫ్జల్ వారధి కొట్టుకొనిపోయెను. నదియొడ్డు పేటలు నేలమట్టమయ్యెను. వేలకొలది జనులు మడిసిరి. ఆ మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో గలసి మన బెజవాడ ఆనకట్టకే వచ్చునది. వరద ముంచని వానిని కాలము ముంచెను. దీనదయాళు చిత్రించిన బషీర్‌బాగు మేడ పడగొట్టబడి, నేడు ఒక పేటకు పేరుగా మాత్రము మిగిలినది.

గాజుపలకలు మాత్రము, గాజు గదా, ఎట్లో పగులక నిలిచినవి. వానిలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము కొని భద్రపరచెను. 2006లో తపాలాశాఖ ఆయన పేర బిళ్లను వెలువరించినది.