సురవరం లెక్కగట్టి చూపిన 354 మంది

సెప్టెంబర్ 17 వచ్చిందంటే మా పెద్దమందడిల చాయ్ హోటల్ కాడ లొల్లి షురూ. విమోచనమా, విలీనమా, విద్రోహమా? ఎవరి జెండా వాళ్లది. గా లొల్లిల సురవరం ప్రతాపరెడ్డి పేరు మాత్రం ఎవ్వరూ ఎత్తరు. మన వనపర్తి ఓట్లేసి గెలిపించుకున్న మనిషే గదా!

మన తాతల నెత్తిన మూడంతస్తుల దొరతనం ఉండె. కింద వనపర్తి, గద్వాల సంస్థానాల రాజులు, వాళ్ల మీద నిజాం, నిజాం మీద రెసిడెన్సీల కూసున్న ఇంగ్లీషోడు. 1947 ఆగస్టు 15న ఇంగ్లీషోడు పోయిండు. నిజాం దిగనీకి ఇంకో 13 నెలలు పట్టింది, ఫౌజు రావాల్సొచ్చింది. అయితే మన భాష తక్కువ, మనం తక్కువ అనే భయం ఫౌజుతోని పోయేది గాదు. దానిమీద ప్రతాపరెడ్డి 1926 నుంచే కొట్లాడిండు.

1896 మే 28న ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా బోరవెల్లిల పుట్టిండు. సొంతూరు ఇటిక్యాలపాడు. మద్రాసుల బి.ఏ. జేసిండు, వకీలు చదువూ చదివిండు. కోర్టుకు వోతే బాగనే బతుకు. ఆయనేమో హైదరాబాద్ వచ్చి రెడ్డి హాస్టల్ పని జూసిండు, ఆనక పత్రిక బెట్టిండు.

అప్పటి హైదరాబాద్ ఎట్లుండె? రాజ్యంల అందరికంటె ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. కచేరీల, కాలేజీల నడిచేది ఉర్దూ. 1921ల వివేకవర్ధిని సభల అల్లంపల్లి వెంకటరామారావు తెలుగుల మాట్లాడబోతే ఎగతాళి జేసి కూసోబెట్టిన్రు. ఆ అవమానంలకెల్లే ఆంధ్రజన సంఘం పుట్టింది. అయిదేండ్లకు, 1926 మే 10న, గోలకొండ పత్రిక అచ్చయింది. రాసుడు, దిద్దుడు, ప్రూఫులు చూసుడు, శానమట్టుకు ఆయన చేతిమీదనే. 1930ల జోగిపేట మొదటి ఆంధ్రమహాసభకు అధ్యక్షుడు గూడ ఆయనే. సంపాదకీయాలకు సర్కారు అడ్డం దిగితే, ఆ జాగాల లోకంల పెద్దోళ్ల మాటలు ఏరి అచ్చేసిండు. చదివెటోళ్లకు సంగతి సమజయ్యేది.

తెలంగాణల కవులే లేరని ఒకాయన రాసిండు. ప్రతాపరెడ్డి తిట్టలె. ఊరూర్ల నుంచి పద్యాలు తెప్పించి 354 మంది కవులతోని 1934ల గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. జవాబంటే అట్లుండాలె.

ఆయన కమ్యూనిస్టు గాదు, తుపాకి పట్టిన దారి ఆయనది గాదు. నేను ఆ దారిని తక్కువ జేసి చెప్పెటోణ్ని గూడ గాను. కానీ చదువనీకి పేపరు, తలెత్తి చెప్పుకోనీకి పేర్లు లేని జనం ఏ జెండా కిందికైనా ధైర్యంగ ఎట్లొస్తరు?

1949ల ఆంధ్రుల సాంఘిక చరిత్ర వచ్చింది. రాజుల యుద్ధాలు పక్కకు వెట్టి జనం ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, ఏ ఆటలాడిన్రు అని రాసిండు. 1952ల, రాజుల మాటే చెల్లిన వనపర్తిల, ఆ జనమే ఓట్లేసి ఆయన్ను అసెంబ్లీకి పంపిన్రు. 1953 ఆగస్టు 25న పోయిండు. కేంద్ర సాహిత్య అకాడెమీ తెలుగుకు ఇచ్చిన మొదటి అవార్డు 1955ల ఆ పుస్తకానికే వచ్చింది. అందుకోనీకి ఆయన లేకుండె.