బెంగుళూరు నాగరత్నమ్మ

బెంగుళూరు నాగరత్నమ్మ (నవంబరు 3, 1878 - మే 19, 1952) ప్రఖ్యాత కర్ణాటక సంగీత గాయని, హరికథా కళాకారిణి, పండితురాలు. తంజావూరు సమీపాన, కావేరీ తీరంలోని తిరువయ్యారులో శిథిలావస్థలో ఉన్న త్యాగరాజస్వామి సమాధి వద్ద తన స్వార్జితంతో మందిరం నిర్మింపజేసినది ఈమెయే. అక్కడ జరిగే ఆరాధనోత్సవాలలో స్త్రీలకు పాడే అవకాశం లేని రోజులలో వారికొరకు ప్రత్యేకంగా ఒక ఉత్సవాన్ని నెలకొల్పి అనేక సంవత్సరాలు నిర్వహించింది. తెలుగు సాహిత్యంలో ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనము కావ్యాన్ని పరిష్కరించి ప్రకటించిన వ్యక్తిగా కూడా ఈమె పేరు నిలిచి ఉన్నది.

బాల్యం, విద్యాభ్యాసం

నాగరత్నమ్మ మైసూరు సమీపంలోని నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో జన్మించింది. తల్లి పుట్టు లక్ష్మి. తండ్రి సుబ్బారావు వకీలు. ఆయన తల్లీబిడ్డలను విడిచిపెట్టడంతో వారు మైసూరులో ఆస్థాన సంస్కృత పండితుడొకరి ఆశ్రయం పొందారు. చిన్ననాడే నాగరత్నమ్మ ఆయన వద్ద సంస్కృతం, సంగీతం అభ్యసించింది. కొంతకాలానికి ఆ ఆశ్రయమూ పోయింది. మైసూరు విడిచి బెంగుళూరు చేరుకున్న తరువాతనే ఆమె సంగీత శిక్షణ స్థిరపడినది.

బెంగుళూరులో ఆమెకు సంగీతం నేర్పిన మునిస్వామప్ప వాలాజాపేట శిష్య పరంపరకు చెందినవాడు. త్యాగరాజు ప్రత్యక్ష శిష్యుడైన వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ కుమారుడు కృష్ణస్వామి భాగవతార్. ఆయన ద్వారా ఆ బాణీ మునిస్వామప్పకు సంక్రమించినది. కావున నాగరత్నమ్మ నేర్చిన కృతులు త్యాగరాజు నుండి కొద్ది తరాల దూరంలోనే ఉన్నాయి. తరువాతి జీవితంలో ఆమె చేసిన పనికి ఈ గురుపరంపర ఒక ముఖ్య కారణమని భావించవచ్చు. సంగీతంతో పాటు నాట్యం, కన్నడ, తెలుగు భాషలు కూడా ఆమెకు పట్టుబడినవి. పదిహేనేళ్ళ ప్రాయంలో పండితుల సమక్షంలో తొలి ప్రదర్శన ఇచ్చింది. యుక్తవయస్సు రాకమునుపే తల్లిని కోల్పోయింది.

మైసూరు ఉన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తిగా ఉన్న నరహరిరావు ఆమెకు పోషకుడుగా ఉండేవాడు. బెంగుళూరులో నరహరిరాయ గుడ్డ అని పేరు పొందిన కొండ ఆయన పేరు మీదనే వెలసినది.

మద్రాసు జీవితం

ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో నాగరత్నమ్మ మద్రాసు చేరుకుని జార్జిటౌనులో నివసించింది. ఆ కాలంలో మద్రాసు సంగీతానికి జార్జిటౌను కేంద్రం. వర్తకుల ఇళ్ళు, భజన మందిరాలు, పెళ్ళి పందిళ్ళు కచేరీలకు వేదికలుగా ఉండేవి. వీణ ధనమ్మాళ్ (1867-1938) అక్కడే శుక్రవారం సాయంత్రాలలో తన ఇంట వీణ వాయించేది, వినడానికి పెద్ద విద్వాంసులే వచ్చి నిశ్శబ్దంగా కూర్చునేవారు. ధనమ్మాళ్, నాగరత్నమ్మ స్నేహితురాళ్ళు. పొరుగునే ఇటువంటి శ్రోతలు ఉండడం కొత్తగా వచ్చిన గాయనికి పరీక్షయే, కాని ఆ పరీక్షలో నిలిచిన వారికి పేరు త్వరగా వచ్చేది.

నాగరత్నమ్మది గంభీరమైన కంఠం. గాత్ర కచేరీలతో పాటు హరికథలు కూడా చెప్పేది. గ్రామఫోను రికార్డులు ఇచ్చిన తొలితరం గాయనులలో ఈమె ఒకతె. కచేరీల లెక్కను తానే వ్రాసి పెట్టుకునే అలవాటు ఆమెకు ఉండేది. ఆ లెక్క ప్రకారం 1905 నుండి 1934 వరకు 146 పట్టణాలలో 1235 కచేరీలు చేసింది. రైలు, ఎడ్లబండి తప్ప వేరే ప్రయాణ సాధనం అంతగా లేని కాలంలో ఇది సామాన్యమైన సంఖ్య కాదు. మద్రాసులో ఆదాయపు పన్ను చెల్లించిన తొలి మహిళా కళాకారిణి ఈమేనని ప్రసిద్ధి. విద్యాసుందరి, గానకళా విశారద, త్యాగసేవాసక్త మొదలైన బిరుదులు పొందింది.

రాధికా సాంత్వనము

ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజైన ప్రతాపసింహుని (పాలన 1739-1763) ఆస్థానంలో ఉన్న కవయిత్రి. రాధాకృష్ణుల శృంగారం ఇతివృత్తంగా ఆమె వ్రాసిన రాధికా సాంత్వనము 19వ శతాబ్దంలో ఒకమారు అచ్చయినది. అయితే అందులో కవయిత్రి తన వంశాన్ని గూర్చి చెప్పుకున్న పీఠిక, కొన్ని పద్యాలు తొలగించబడినవి. కందుకూరి వీరేశలింగం ఆంధ్ర కవుల చరిత్రములో ముద్దుపళని పాండిత్యాన్ని అంగీకరించినా, ఆమె శృంగార వర్ణనలను, కులవృత్తిని తీవ్రంగా విమర్శించాడు.

నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, అచ్చుప్రతితో పోల్చి, లోపించిన భాగాలతో సహా పూర్తి పాఠాన్ని సిద్ధం చేసింది. వావిళ్ళ రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ వారు దీనిని 1910లో ప్రచురించారు. పీఠికలో ఆమె వీరేశలింగం విమర్శకు సమాధానం వ్రాసింది. శృంగారం దోషమే అయితే అది పురుష కవులకు ఎందుకు వర్తించదని ఆమె ప్రశ్న. ఇది ఒక గాయని సరదాగా చేసిన పని కాదు. పాఠ పరిష్కరణకు కావలసిన భాషాజ్ఞానం, ఓపిక రెండూ అందులో కనిపిస్తాయి.

గ్రంథం అశ్లీలమన్న ఫిర్యాదులపై బ్రిటిషు ప్రభుత్వం చర్యకు దిగినది. ప్రతులు స్వాధీనం చేసుకున్నారు. పండితులు అనేకులు ప్రభుత్వానికి విన్నపాలు చేసినా నిషేధం తప్పలేదు. మూడు దశాబ్దాలకు పైగా ఇది కొనసాగినది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు రాష్ట్రానికి నాయకత్వం వహించిన కాలంలో, 1947లో, ఈ నిషేధం తొలగినది. వావిళ్ళ వారు 1952లో పునర్ముద్రణ తెచ్చారు. నాగరత్నమ్మ మరణించినది కూడా ఆ సంవత్సరమే.

తిరువయ్యారు మందిరం

త్యాగరాజు 1847 జనవరి 6న సిద్ధి పొందాడు. అంతకు ముందే సన్యాసం స్వీకరించినందున ఆయన దేహాన్ని కావేరి ఒడ్డున సమాధి చేసి, పైన చిన్న బృందావనం కట్టారు. శిష్యులు ఎవరి ఊళ్ళలో వారు ఇంటివద్దనే గురువుకు తిథి జరుపుకోవడంతో ఆ స్థలం క్రమంగా నిరాదరణకు లోనయ్యింది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఉమయాల్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ సోదరులు ఆ చోటును వెదకి బాగు చేయించారు. ఆ తరువాత తిల్లైస్థానం నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ సోదరులు పుష్య బహుళ పంచమినాడు ఆరాధన జరపడం ప్రారంభించారు. కొద్దికాలానికే విభేదాలు తలెత్తి ఉత్సవం పెరియ కట్చి (పెద్ద పక్షం), చిన్న కట్చి (చిన్న పక్షం) అని రెండుగా చీలినది. ఎవరి ఉత్సవం గొప్పదన్న పోటీ ముదిరింది కాని, ఉత్సవం ముగిసిన తరువాత సమాధిని పట్టించుకునేవారు లేకపోయారు.

సమాధి మళ్ళీ పాడుబడిన సంగతి నాగరత్నమ్మకు తెలిపినవాడు ప్రసిద్ధ మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప. 1921లో ఆయన వద్దనుండి లేఖ అందిన వెంటనే ఆమె ఈ పనికి పూనుకున్నది. చుట్టూ ఉన్న స్థలాన్ని సంపాదించి శుభ్రం చేయించి, అదే సంవత్సరం అక్టోబరులో మందిరానికి శంకుస్థాపన చేయించింది. 1920ల మధ్య నాటికి నిర్మాణం పూర్తయ్యింది. బృందావనానికి వెనుక త్యాగరాజస్వామి విగ్రహాన్ని ప్రతిష్ఠింపజేసి నిత్యపూజకు ఏర్పాట్లు చేసింది. ఇందుకు కావలసిన ధనం ఏ సంస్థానాధీశుడో ఇచ్చినది కాదు. కచేరీలలో సంపాదించినది, నగలు అమ్మగా వచ్చినది ఈ పనికి వెచ్చించింది.

స్త్రీల ఉత్సవం

మందిరం ఆమెది, కాని అందులో పాడే హక్కు ఆమెకు లేదు. రెండు పక్షాలూ తమలో తాము ఎంత కలహించుకున్నా, స్త్రీలను వేదిక ఎక్కనివ్వరాదన్న విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉండేవి. ఆ రోజులలో బహిరంగంగా పాడే స్త్రీలలో ఎక్కువమంది దేవదాసీ కుటుంబాలవారే. కచేరీ సభలలో వారి పాట విని మెచ్చుకున్నవారే ఆరాధన వద్ద వారు పాడడాన్ని అభ్యంతరపెట్టారు. సన్నిధిలో హరికథ చెప్పడానికి నాగరత్నమ్మ అనుమతి కోరినా వారు సమ్మతించలేదు.

1927లో ఆమె స్త్రీలచేతనే వేరొక ఉత్సవం ప్రారంభింపజేసింది. మందిరం వెనుక భాగంలో పందిరి వేయించి, గాయనులను, వైణికులను, హరికథకులను ఆహ్వానించింది. దీనికి పెణ్గళ్ కట్చి (స్త్రీల పక్షం) అని పేరు వచ్చినది. ఆరాధన రోజులలో ముందు వైపు పురుషుల ఉత్సవం, వెనుక వైపు స్త్రీల ఉత్సవం జరిగేవి. నాగరత్నమ్మ తాను కూడా హరికథ చెప్పేది. పేరుమోసిన విదుషీమణులు, అప్పుడే పాడడం మొదలుపెట్టిన బాలికలు ఒకే పందిరిలో పాడేవారు. ఇటువంటి ఉత్సవం నడపడమంటే పాటతో తీరే పని కాదు. వచ్చినవారికి బస, భోజనం, పక్కవాద్యాలు, ఎవరు ఎప్పుడు పాడాలన్న క్రమం అన్నీ చూడవలసి ఉంటుంది. యాభై ఏళ్ళు దాటిన వయస్సులో ఆమె ఏటేటా ఈ భారం వహించింది.

ఆరాధనలో కళాకారులు పారితోషికం తీసుకోరు. ఎంతటి విద్వాంసునికైనా కొద్ది నిమిషాల కాలమే లభిస్తుంది. త్యాగరాజు ముందు అందరూ సమానమన్న భావన మీదనే ఈ సంప్రదాయం ఆధారపడి ఉన్నది. స్త్రీల విషయంలో ఆ సమానత్వం రావడానికి మాత్రం మరికొంత కాలం పట్టినది.

పక్షాల కలయిక

1940 నాటికి పక్షాల పోరు అందరికీ విసుగు పుట్టించినది. ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వై. కృష్ణస్వామి, గాయకుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ తదితరుల చొరవతో మూడు పక్షాలు ఏకమై, శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభ పేరిట ఉమ్మడి ఆరాధన ఆరంభమైనది. 1941 నుండి స్త్రీలు పురుషులతో పాటు అదే ఉత్సవంలో పాడుతున్నారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని ఘనరాగ పంచరత్న కృతులను విద్వాంసులందరూ కలిసి గోష్ఠిగా పాడే పద్ధతి కూడా ఆ కాలంలోనే స్థిరపడినది. వీటిలో మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగు తెలుగు. తమిళదేశం నడుమ ఏటా వందలాది కంఠాలు ఒక్కసారిగా తెలుగులో పాడే సందర్భం ఇదొక్కటే కావచ్చు.

దేవదాసీల సంఘం

1927 ప్రాంతంలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసీ వ్యవస్థ రద్దుకు ప్రయత్నం ఆరంభించగా, దేవదాసీలు సంఘంగా ఏర్పడి దానిని వ్యతిరేకించారు. మద్రాసు రాష్ట్ర దేవదాసీ సంఘానికి నాగరత్నమ్మ నాయకత్వం వహించింది. తమ కులానికి పరంపరగా వచ్చిన విద్య, ఆస్తి హక్కులు, ఆలయ మర్యాదలు పోతాయన్నది ఆ సంఘం వాదన. బాలికలను దేవునికి అంకితం చేసే ఆచారంలోని దోపిడీ గూర్చి సంస్కర్తలు చెప్పినదీ నిజమే. రెండు వైపులా దేవదాసీ కుటుంబాలలో పుట్టిన స్త్రీలే ఉండడం ఈ వివాదంలో గమనింపదగినది. ముత్తులక్ష్మీ రెడ్డి తల్లి కూడా ఆ సమాజానికి చెందినదే. 1947లో మద్రాసు ప్రభుత్వం అంకిత నిషేధ చట్టం చేసింది.

చివరి సంవత్సరాలు

జీవితం చివరి భాగంలో నాగరత్నమ్మ మద్రాసు విడిచి తిరువయ్యారులోనే స్థిరపడినది. ఒకప్పుడు నగలతో కచేరీలకు వెళ్ళిన ఆమె అక్కడ నిరాడంబరంగా జీవించింది. నిత్యం సమాధి వద్ద పూజలో, గానంలో గడిపేది. త్యాగరాజుపై అష్టోత్తర శతనామావళి రచించింది. అంతకు ముందు మద్యపానాన్ని ఖండిస్తూ ఒక గ్రంథం కూడా వ్రాసింది. తన అనంతరం మందిర నిర్వహణకు లోటు రాకూడదని 1949లో వీలునామా వ్రాసి, ఆస్తిని తన పేరిట ఏర్పడిన విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మ ట్రస్టుకు అప్పగించింది. సమాధి వద్ద సేవ చేసే హక్కు స్త్రీలకు ఎప్పటికీ ఉండాలన్న షరతును అందులో చేర్చింది.

1952 మే 19న తిరువయ్యారులో మరణించింది. త్యాగరాజు సమాధికి సమీపంలోనే ఆమెకు స్మారకం నిర్మించారు. అందులో ఆమె విగ్రహం చేతులు జోడించి త్యాగరాజస్వామి మందిరానికి అభిముఖంగా కూర్చుని ఉంటుంది. ఆరాధనకు వచ్చే గాయనులు ఇక్కడ కూడా నమస్కరించి వెళ్తారు. చరిత్రకారుడు వి. శ్రీరామ్ 2007లో ఆంగ్లంలో ఆమె జీవిత చరిత్రను ప్రచురించాడు.